నాగప్ప లేని పేజీ

అమరేష్ ఏ వెబ్‌సైటు చేసినా, పని చెప్పిన మనిషికంటే ముందు వాళ్ళమ్మకు చూపించేవాడు. చూపించడమంటే వివరించడం కాదు. ఫోను ఆమె చేతిలో పెట్టి, నోరు మూసుకుని, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె వేలు ఎటు పోతుందో చూసేవాడు. వేలు తడబడిందంటే తప్పు తన పేజీది. బెంగళూరు కంపెనీలో ఉన్నన్నాళ్ళూ ఈ పరీక్ష అద్దాల గదుల్లో, కెమెరాలు పెట్టి జరిగేది. ఆ ఉద్యోగం వదిలి చింతామణికి వచ్చి, బస్టాండు దగ్గర మేడమీద ఒక గది తీసుకున్నాక అద్దాలూ లేవు, కెమెరాలూ లేవు. బాగేపల్లి నుంచి చేలూరు పోయే దోవలో వాళ్ళ ఊరు. ఆదివారం వస్తే బండి మీద అక్కడికి పోయి అమ్మ ముందర కూర్చోవడమే.

రామలక్ష్మమ్మకు చదువు రాదు. బస్సుల్ని బోర్డు చదివి కాదు, కండక్టరు మొహం చూసి ఎక్కేది. టమాట కాయలు కోసీ కోసీ ఆమె వేలికొనలకు పసరు పట్టి, ఎంత తోమినా పోని నల్లపచ్చ రంగు తేలింది. చర్మం బిరుసెక్కింది. ఫోను అద్దం ఆ వేలిని ఒక్కోసారి మనిషి వేలుగానే లెక్కపెట్టేది కాదు. ఆమె ఒత్తిందే ఒత్తి, "దీనికి నా చెయ్యి సరిపడదురా. మీ నాయన మాదిరే ఉండాది, చెప్పింది వినదు" అని ఫోను పక్కన పెట్టేసేది. అందుకే అమరేష్ పేజీల్లో మీటలు రొట్టెముక్కలంత ఉండేవి. కళ్యాణమంటపానికి చేసినా, ద్రాక్ష అంట్లు అమ్మే నర్సరీకి చేసినా అంతే. మెడికల్ షాపుల వాళ్ళు, కోచింగ్ సెంటర్ల వాళ్ళు మొదట అవి మోటుగా ఉన్నాయని అనేవాళ్ళు. నెల తిరిగేసరికి ఫోన్లు ఎక్కువ వస్తున్నాయని వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పనిలో ఇంగ్లీషు. మూడింటిలోనూ అమరేష్ తక్కువ మాట్లాడే మనిషే. వాళ్ళ నాయన లక్ష్మణప్ప అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆయనకు ఊళ్ళో ప్రతివాడి మీదా ఒక మాట ఉండేది, కొడుకు మీద మరీ ఎక్కువ. "మావాడు బెంగళూరులో కంప్యూటరు వదిలేసి వచ్చి చింతామణిలో మీటలు పెద్దవి చేస్తాండాడప్పా" అని పాల డైరీ దగ్గర నవ్విస్తూ ఉండేవాడు. ఆ నవ్వులో గర్వం ఎంతో ఎగతాళి ఎంతో విడదీయడం కష్టం.

ఆ సంవత్సరం వానలకు ముందు చిక్కబళ్ళాపురం నుంచి ఆనంద్‌కుమార్ అనే ఆయన వచ్చాడు. ఒక చిన్న సేవాసంఘం నడుపుతాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, మాటలో తొందర. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"వానలు పడితే మన పక్క ప్రతి ఊళ్ళోనూ కాట్లే. జనం ఒక ఆస్పత్రికి పరిగెత్తుతారు, ఆడ ఆ పొద్దు మందుండదు, ఇంగో ఆస్పత్రికి పంపిస్తారు. దోవలోనే అయిపోతాది. ఒక పేజీ కావాల అమరేష్. ఒక్కసారి ఒత్తితే, ఆ పొద్దు మందుండే ఆస్పత్రి దగ్గర్లో యాడుండాదో దానికి ఫోను పోవాల, ఆంబులెన్సు రావాల. చదువు రానోళ్ళు ఒత్తాల. చెయ్యి వణుకుతాండేవోళ్ళు ఒత్తాల."

అమరేష్ వెంటనే ఒప్పుకున్నాడు. అదేమి పనో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను పుట్టిన ఊళ్ళో పొలానికి పోయే ప్రతివాడూ కట్టెతో నేల తట్టుకుంటూ పోతాడు. పాము పేరు ఎవరూ ఎత్తరు. పురుగు అంటారు. కరిచిందని కూడా అనరు, ముట్టింది అంటారు. పడగ విప్పి కనబడితే మాత్రం అది నాగప్ప. చెప్పులు విడిచి, చేతులు జోడించి, అది పోయేదాకా నిలబడతారు.

లెక్కలూ లంకెలూ త్వరగానే అయిపోయాయి. ఏ ఆస్పత్రిలో మందు ఉందో పొద్దున్నే అక్కడివాళ్ళు నమోదు చేస్తారు. ఫోను ఉన్న చోటును బట్టి పేజీ దగ్గరి ఆస్పత్రిని ఎంచుకుంటుంది. మిగిలింది మీట. తెరంతా ఒకటే మీట ఉండాలి. దాని మీద ఏ బొమ్మ పెట్టాలి?

మొదటి ఆదివారం ఆంబులెన్సు బొమ్మ పెట్టి అమ్మకు ఇచ్చాడు. ఆమె కళ్ళు చికిలించింది.

"పాల వ్యానా?"

"కాదు."

"చెప్పనంటివి, మళ్ళ కాదంటావు. ఇది వ్యానే. మన డైరీకి వచ్చేదే."

రెండో ఆదివారం ఎర్ర కూడిక గుర్తు పెట్టాడు. "మాత్రల అంగడి" అంది. మందు సీసా పెడితే తోటకు కొట్టే మందు అనుకుంది, అది మరీ ప్రమాదం. ఆ సాయంత్రం చింతామణికి తిరిగి పోకుండా అరుగు మీదే కూర్చుని, అమరేష్ పడగ విప్పిన నాగుపాము బొమ్మ గీశాడు. నల్లటి పడగ, పసుపు వెనుకరంగు. పేజీలో పెట్టి ఫోను అమ్మ చేతికిచ్చాడు.

ఆమె వేలు ఈసారి తడబడలేదు. ఫోను దగ్గరికి తీసుకుంది, కళ్ళకద్దుకుంది, తర్వాత బొమ్మ మధ్యలో ఒత్తింది. అవతల అతను పరీక్షకు పెట్టుకున్న రెండో ఫోను మోగింది.

"చూస్తానే తెలిసిపోయె" అంది రామలక్ష్మమ్మ. "నాగప్ప కాపాడతాడు. ఇది బాగుండాది."

లక్ష్మణప్ప లోపలినుంచి తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చి తొంగిచూశాడు. "ఇంత చదివి ఆఖరికి బుట్ట పట్టుకోని పాములాడించేవాడివైతివి కదరా."

"ఆ పేరెత్తాకు సందెవేళ!" అని ఆమె కసిరింది.

"వాడు ఫోన్లో పెట్టుకుంటే లేదు, నేను పేరెత్తితే వస్తాదా?"

అమరేష్ నవ్వాడు. వేలు సూటిగా పోయింది, ఫోను మోగింది, అతని పరీక్ష అక్కడికి ముగిసింది. ఒత్తడానికి ముందు ఆమె కళ్ళకద్దుకుందన్న సంగతి అతనికి ముచ్చటగా మాత్రమే తోచింది.

ఆనంద్‌కుమార్‌కు ఆ బొమ్మ అంతకంటే నచ్చింది. దాన్నే పోస్టర్ల మీద వేయించాడు. 'నాగప్ప మీద ఒత్తండి, ప్రాణం నిలుపుకోండి' అని కన్నడంలోనూ తెలుగులోనూ రాయించి డైరీల గోడలకు, రేషన్ అంగళ్ళకు, బస్సు ఆగే చోట్లకు అంటించాడు. ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఫోన్లలో పేజీ పెట్టించి, నాగప్ప మీద ఒత్తమని నేర్పించారు. అమరేష్ వాళ్ళమ్మ ఫోన్లో తనే పెట్టాడు, తెర మొదట్లోనే కనబడేలా.

వానలు పడ్డాయి. పేజీ పని చేసింది. ఎవరు ఎప్పుడు తెరిచిందీ, ఎప్పుడు ఒత్తిందీ అమరేష్ గదిలోని తెర మీద వరసగా పడేది. ఒత్తిన ప్రతి నంబరుకూ అతను రెండు రోజుల తర్వాత ఫోను చేసి మనిషి ఎలా ఉన్నాడని అడిగేవాడు. బాగున్నాడంటే, పేరు కూడా చెప్పకుండా పెట్టేసేవాడు. అంత తృప్తిగా అతను అంతకుముందెన్నడూ పని చేయలేదు.

అయితే కొన్ని వరసలు అతన్ని కలవరపెట్టేవి. పేజీ తెరుచుకునేది, మీట ఒత్తేవాళ్ళు కారు. ఊరికే చూసి మూసేవాళ్ళుంటారని మొదట అనుకున్నాడు. కాని ఊరికే చూసేవాళ్ళు వెంటనే మూసేస్తారు. ఇవి తెరిచినవి తెరిచినట్టే ఉండేవి, ఎవరో ఆ బొమ్మ వంక చూస్తూ నిలబడిపోయినట్టు. తర్వాత ఎప్పటికో ఒత్తేవాళ్ళు. కొన్నిసార్లు అదీ లేదు. సిగ్నలు అనుకున్నాడు, వాన అనుకున్నాడు. బిరుసు వేలేమోనని మీట ఇంకా పెద్దది చేశాడు.

అలా ఆలస్యంగా ఒత్తిన ఒక నంబరును మూడు వారాలదాకా ఎవరూ ఎత్తలేదు; ఎత్తిన రోజున, "మామ ప్రాణానికి భయం లేదు, కాలు తీసేసినారు" అని ఒక ఆడపిల్ల గొంతు చెప్పి, ఏడుపు ఆపుకోవడానికి ఫోను పెట్టేసింది. చింతామణికి దగ్గర పల్లె. మర్నాడే అమరేష్ బండి తీశాడు.

ఆ ఇంటి వసారాలో మంచం మీద బయ్యప్ప అనే పెద్దాయన పడుకుని ఉన్నాడు. మోకాలి కింద దుప్పటి పలచగా మంచానికి అతుక్కున్నట్టుంది. ఫోన్లో మాట్లాడింది ఆయన కోడలు నేత్ర. బి.కాం చదివింది, పాల సంఘంలో లెక్కలు చూస్తుంది. ఆ పేజీ ఎలా వాడాలో ఊళ్ళో ఆడవాళ్ళకు నేర్పించింది కూడా ఆమే.

తను పేజీ చేసిన మనిషినని చెప్పగానే బయ్యప్ప తల తిప్పి చూశాడు.

"నువ్వేనా నాగప్పని పెట్టిండేది? బాగా పెట్టినావప్పా. చూడేకి లక్షణంగా ఉండాడు."

నేత్ర కాఫీ తెచ్చిచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పేజీ తెరిచి ఎందుకు ఒత్తలేకపోయారని అమరేష్ మెల్లగా అడిగాడు. ఫోను సరిగా పని చేయలేదా?

"ఫోను బాగానే చేసిందన్నా. నా చెయ్యే పోలే."

"ఎందుకమ్మా?"

"మా పెదమామ పోయి మూడో దినం ఆ పొద్దు. ఇంట్లో సూతకం. దీపం పెట్టలే, దేవుని పటాలన్నీ గోడ పక్కకి తిప్పేసిండాము. ఆ చేత్తో నాగప్పని ఎట్ల తాకేది? అది బొమ్మని నాకు తెలీకనా? నేనే కదా అందరికీ నేర్పిచ్చింది. కానీ ముట్టిండేది ఆయన. కోపమొచ్చే ముట్టింటే, మళ్ళ అంటు చేత్తో నేను తాకితే మామ బతుకుతాడా అనిపిచ్చె. ఈ వీధంతా మా అన్నదమ్ములే, అందరికీ సూతకమే. ఆ చివర వేరేవాళ్ళ ఇల్లు ఒకటుండాది. ఆయమ్మ గడ్డికి పోయింటే, చేను కాడికి ఫోను పట్టుకోని పరిగెత్తినాను. ఆమె ఒత్తింది."

"ఒక్క గడియ ముందు ఆయమ్మ దొరికింటే నా కాలుండేది" అని బయ్యప్ప మంచం మీద నుంచి అన్నాడు. కోపమేమీ లేదు ఆ మాటలో. "తప్పు పిల్లది కాదప్పా. నేనైనా తాకను."

తిరిగొస్తూ అమరేష్ దారిలో బండి ఆపాడు. ఆ తెరుచుకుని ఉండిపోయిన వరసలన్నీ గుర్తొచ్చాయి. నెలసరిలో ఉన్న ఆడవాళ్ళు, పురుడొచ్చిన ఇళ్ళు, చావు జరిగిన ఇళ్ళు. మాంసం వండుకున్న రోజు. స్నానం కాని పొద్దు. పల్లెలో ఏ ఇంట్లో ఏ రోజు నాగప్పను తాకదగిన చెయ్యి ఉంటుంది? వాళ్ళందరి చేతుల్లోనూ తను ఒక దేవుణ్ణి పెట్టి, తాకితేనే బతుకుతారని చెప్పాడు.

గదికి వస్తూనే ఆనంద్‌కుమార్‌కు ఫోను చేశాడు.

"బొమ్మ తీసేయాల సార్. ఉత్త ఫోను గుర్తు పెడతాను, పచ్చది."

ఆనంద్‌కుమార్ అంతా విన్నాడు. "నువ్వు చెప్పేది నిజమే ఉండొచ్చప్పా. కానీ ఊరూరా నాగప్ప మీద ఒత్తమని నేర్పిచ్చినాము. పోస్టర్లన్నీ అదే. ఉన్నట్టుండి తీసేస్తే నేర్చుకున్నోళ్ళు ఏమైపోతారు? ముందు ఊళ్ళకి చెప్పి, పోస్టర్లు మార్పిచ్చి, అప్పుడు తీద్దాం. రెండు వారాలు తాళు."

"ఈ రెండు వారాల్లో ఎన్ని ఇండ్లల్లో సూతకముంటాదో చెప్పండి సార్."

"ఆవేశపడాకు. ఎవరికీ చెప్పకుండా మార్చేది ఇంకా తప్పు."

అమరేష్ ఫోను పెట్టేశాడు. బయ్యప్ప కాలు ఉండాల్సిన చోట పడి ఉన్న దుప్పటి అతని కళ్ళ ముందునుంచి కదలడం లేదు. పేజీ తాళంచెవి అతని దగ్గరే ఉంది. ఆ గురువారం మధ్యాహ్నం నాగప్పను తీసేశాడు. తెల్లటి తెర మీద పచ్చటి గుండ్రం, దాని మధ్య ఫోను గుర్తు. కింద టీ అంగట్లో నలుగురికి చూపించాడు. నలుగురూ సూటిగా ఒత్తారు.

అమ్మ వేలు ముందర మాత్రం పెట్టలేదు. వేరుశనగ కలుపులో ఉన్నామని పొద్దున్నే ఫోన్లో చెప్పింది. ఆదివారం ఎలాగూ పోతాడు. అప్పుడు చూపించి, నేత్ర సంగతి కూడా చెబుదామనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆమె చూడకుండా జనంలోకి పోయిన పేజీ అదొక్కటే.

శనివారం ఎండ కాస్తూనే పిళ్ళప్ప ఫోను చేశాడు. వాళ్ళ ఊళ్ళో ఆటో నడిపే మనిషి, లక్ష్మణప్పకు చిన్ననాటి జత.

"అమరేషూ, మీ నాయన్ని బాగేపల్లికి తీస్కపోతాండా. పురుగు ముట్టింది. నువ్వు బిన్నా రా."

"ఎప్పుడు?"

"రా నాయనా. మాటలాడేకి టైము లేదు."

చేలూరు మీదుగా బండి ఎలా నడిపాడో అతనికి తెలియదు. అతను పోయేసరికి లక్ష్మణప్పకు సూది మందు ఎక్కిస్తున్నారు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాడు అమరేష్. దగ్గరికి పోతే, ఆయన కళ్ళు తెరవడానికి కనుబొమలు పైకి లాగుతున్నాడు; రెప్పలు మాత్రం లేవడం లేదు. కొడుకు గొంతు విని ఏదో అన్నాడు. నాలుక మొద్దుబారి మాట తెలియలేదు. ఆయన మాట తెలియకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగనిది. అమరేష్ చెవి ఆయన పెదవుల దగ్గర పెట్టాడు. అయినా తెలియలేదు.

"విషం పైకెక్కేసింది. ఊపిరి యంత్రం కావాలి, చిక్కబళ్ళాపురం పంపిస్తున్నాం" అన్నాడు డాక్టరు. "ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

ఆంబులెన్సులో ఒక మనిషి లక్ష్మణప్ప ముక్కు మీద సంచి నొక్కుతూ గాలి పంపిస్తున్నాడు. అమరేష్ చెయ్యి పట్టుకుంటే నాయన వేళ్ళు బదులుగా బిగుసుకున్నాయి. కొంత దూరం పోయాక బిగువు తగ్గింది. చిక్కబళ్ళాపురం ఇంకా దూరంగా ఉండగానే ఆ వేళ్ళు ఉత్త వేళ్ళయిపోయాయి. సంచి నొక్కే మనిషి ఆపలేదు. ఆస్పత్రి వాకిట్లో డాక్టరు వచ్చి ఆపమనేవరకూ నొక్కుతూనే ఉన్నాడు.

ఎందుకు ఆలస్యమైందన్నది పిళ్ళప్ప మర్నాడు చెప్పాడు, అందరూ శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న తర్వాత.

"టమాట కట్టెలు పేర్చిండారు కదా గట్టు మీద, అవి తీస్తాంటే చేతికి ముట్టింది. మీయమ్మ ఆడే ఉండాది. ఫోను తీసింది, నేను చూస్తానే ఉండా. తీసింది, చూసింది, నిలబడిపోయింది. 'ఒత్తు వదినా' అంటిని. 'నాగప్ప లేడు పిళ్ళప్పా' అనె. ఏముందోనని నేనూ చూస్తిని. నిజమే, ఉత్త తెల్లగా ఉండాది, ఏందో పచ్చగా. 'మొన్న కూడా ఉండాడు, ఈ పొద్దు లేచిపోయినాడు. మామీద కోపమొచ్చింది. ఇప్పుడు మందు పని చేయదు' అని మీ నాయన్ని పుట్టకాడికి తీస్కపొమ్మనె. నాగ్గూడా భయమాయె. పుట్టకి నీళ్ళు పోసింది, మొక్కింది, ముడుపు కట్టింది. కండ్లు మూతలు పడతాంటే అప్పుడు ఆటో ఎక్కిచ్చినాము." పిళ్ళప్ప తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నేనైనా ఫోను లాక్కోని ఒత్తిండాల్సింది. ఒత్తేకి ఏమీ లేదనుకుంటినప్పా."

అమరేష్ ఆ మాటలు విని లేచి గొడ్లపాక పక్కకు పోయాడు. ఎవరూ వెంట పోలేదు.

సూతకం దినాలన్నీ రామలక్ష్మమ్మ గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఫోను బియ్యం డబ్బా వెనక్కి తోసేసింది. మోగినా తీయలేదు. ఒకసారి ఆనంద్‌కుమార్ వచ్చాడు. అమరేష్‌ను ఒక్క మాట కూడా అనలేదు. పోతూ పోతూ వాకిట్లో మాత్రం, "జనం ఫోన్లు చేస్తాండారప్పా, నాగప్ప యాడికి పోయినాడని" అన్నాడు.

దినాలు అయిన మరుసటి రోజు ఇల్లు కడిగి, దీపం పెట్టి, రామలక్ష్మమ్మ కొడుకును పిలిచింది. ఆమె మొహంలో ఇన్నాళ్ళూ లేని ఒక తీర్మానం కనిపించింది.

"విదురాశ్వత్థానికి పోయి రాయి నిలపాల" అంది. "నాగప్ప రాయి. మనమేదో తప్పు చేసినాము. అది ఏందో నాకు తెలీలే. రాత్రీ పగలూ అదే ఆలోచిస్తాండా. కట్టెలు పేర్చే చోట ఆయనుండే తావేమన్నా మూసేసినామా? మొక్కుకోని మరిసినామా? తెలీకుండా పోయి రాయి నిలిపితే ఆయన ఒప్పుకుంటాడో లేదో. కారణం లేంది ఆయన లేచిపోడు."

అమరేష్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. చెప్పకుండా ఉండొచ్చు. విదురాశ్వత్థం గుడిలో వందల నాగరాళ్ళ పక్కన ఇంకో రాయి పెట్టొచ్చు, ఆమె మనసు కుదుటపడొచ్చు. కాని ఏ తప్పు చేశానా అని ఆమె బతికినంతకాలం వెతుక్కుంటూ ఉండటం అతను చూడలేడు.

"ఆయనేం లేచిపోలేదమ్మా. నేను తీసినాను."

ఆమె అర్థం కానట్టు చూసింది.

"బొమ్మను నేనే తీసేసినాను. గురువారం. నీకు చెప్పలేదు." బయ్యప్ప సంగతి, నేత్ర సంగతి, సూతకపు చేతుల సంగతి అంతా చెప్పాడు. "ఆ పచ్చదాని మీద ఒత్తింటే సరిపోయేది. నీ తప్పు ఏమీ లేదు. ఏ దేవునికీ కోపం రాలేదు. నీ చేతిలో పెట్టి చూపించకుండా మార్చింది నేను."

తిడుతుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొట్టింటే బాగుండేది. ఆమె మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఇన్ని దినాలు ఏడ్చినప్పుడు కూడా అతను చూడని భయం ఆ కళ్ళలోకి వచ్చింది.

"నువ్వా?" అంది. "నీ చేత్తోనా?"

"అవునమ్మా."

"ఏ చేత్తో?"

అతను కుడిచెయ్యి చూపించాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎవరైనా వింటున్నారేమోనని గుమ్మం వైపు చూసింది.

"ఎవరికన్నా చెప్పినావా? పిళ్ళప్పకి? చెప్పాకు. ఎవరికీ చెప్పాకు." గొంతు తగ్గించింది. "మీ నాయనకి ముట్టిండేది కుడిచెయ్యే. నీ బదులు మీ నాయనకి ముట్టిండాది."

"అట్లేం కాదమ్మా…"

"నీకేం తెలుసు? పెట్టిండేది నువ్వు, తీసిండేది నువ్వు. నాగప్ప వచ్చిండేది నీకోసరం. మీ నాయన ముందరుండాడు, అంతే." అప్పుడు ఆమె చూపు కిందికి పోయింది. "చెప్పులు యాడ? ఒట్టి కాళ్ళతో యాల తిరుగుతాండావు?"

ఆమెను ఒప్పించడానికి అతను చాలా ప్రయత్నించాడు. పేజీలో బొమ్మ ఎలా పెడతారో, ఎలా తీస్తారో లాప్‌టాప్ ముందు పెట్టి చూపించబోయాడు. ఆమె దాని వంక చూడలేదు. తర్వాత వారం ఇద్దరూ విదురాశ్వత్థానికి పోయి రాయి నిలిపి వచ్చారు. పూజారి ఎవరి పేరున అని అడిగితే, లక్ష్మణప్ప పేరు చెబుతుందనుకున్నాడు. ఆమె అమరేష్ పేరు చెప్పింది.

పేజీని అతను మళ్ళీ మార్చాడు. పైన నాగప్ప బొమ్మ, దూరంనుంచి చూసి ఇదే పేజీ అని గుర్తుపట్టడానికి. దాన్ని తాకినా ఏమీ జరగదు. కింద పచ్చటి మీట, తాకడానికి. ఈసారి ఆనంద్‌కుమార్ ఊళ్ళకు ముందే చెప్పించాడు, పోస్టర్లు మార్పించాడు. ఆ ఒక్క ఏర్పాటు మొదటే అమ్మ చేతిలో పెట్టుంటే అరుగు మీద ఆ సాయంత్రమే తేలిపోయేదని అమరేష్‌కు తెలుసు. ఇప్పుడు పెట్టడానికి ఆ చెయ్యి ఫోను ముట్టదు. పచ్చ మీట మీదికి ఆమె వేలు సూటిగా పోతుందో, బొమ్మ దగ్గరే ఆగిపోతుందో అతనికి తెలియదు. పేజీ అలాగే ఊళ్ళల్లోకి పోయింది. వానలు ఇంకా అయిపోలేదు.

చింతామణి గది ఉంది గాని అతను అక్కడ పడుకోవడం మానేశాడు. సందె పడకముందే ఇంటికి చేరకపోతే ఆమె ఊరి బయటిదాకా వచ్చి రోడ్డు మీద నిలబడుతుంది, చేతిలో కట్టెతో. మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు కొనిపించింది. గట్టు మీది కట్టెలన్నీ పిళ్ళప్పతో కాల్పించింది. ఊళ్ళోవాళ్ళు మొగుడు పోయిన దుఃఖం అనుకున్నారు.

అతను ఇల్లు చేరగానే ఆమె ట్యూబులైటు కింద పీట వేస్తుంది. బూట్లు విప్పించి, వాటిని తలకిందులు చేసి దులిపి, అతని కాళ్ళు ఒకటొకటిగా ఒళ్ళోకి తీసుకుంటుంది. మడమ, పాదం, వేళ్ళ సందులు. ఆ బిరుసు వేలితో ఎక్కడా వదలకుండా తడుముతుంది. తర్వాత కుడిచెయ్యి. మొదట్లో అమరేష్ "ఏమీ లేదమ్మా, లే" అని నవ్వబోయేవాడు, కాలు లాక్కునేవాడు. ఇప్పుడు నవ్వడు. బండి దిగుతూనే తొట్టి దగ్గరికి పోయి తనే కాళ్ళు కడుక్కుంటాడు. మడమ మీద ముల్లు గీరిన గీత ఉంటే వెలుతురులోకి వంగి, అది ముల్లేనా అని ఆమెకంటే ముందు తనే చూసుకుంటాడు.